టైమ్‌లైన్ దాకా రాకముందే: లినక్స్‌లో వీడియో ఎడిటింగ్ చిక్కులు

ఉబుంటు ఉన్న కంప్యూటర్‌లో డావిన్చీ రిజాల్వ్ అనే వీడియో ఎడిటర్ ఉచిత వెర్షన్ ఎక్కించి, ఫోన్‌లో తీసిన ఎంపీ4 ఫైలును టైమ్‌లైన్ మీదికి లాగితే బొమ్మ ఉండాల్సిన చోట మీడియా ఆఫ్‌లైన్ అనే ఎర్ర పలక కనిపిస్తుంది, శబ్దం కూడా రాదు. అదే ఫైలు వీఎల్‌సీలో చక్కగా ఆడుతుంది. దాంతో తప్పు గ్రాఫిక్స్ కార్డుదనుకుని డ్రైవర్లు తీసి మళ్లీ వేసేవాళ్లు, డిస్ట్రో (ఉబుంటు లాంటి లినక్స్ రకం) మార్చేవాళ్లు, విసుగొచ్చి విండోస్‌కి తిరిగి వెళ్లిపోయేవాళ్లు చాలామంది. ఆ శ్రమలో ఎక్కువ భాగం అక్కర్లేని చోట పడుతోంది. లినక్స్ ఎడిటింగ్ బాధల్లో పెద్ద వాటా కోతలు, అతుకులు మొదలవకముందే, ఫైలు ఎడిటర్‌లోకి వచ్చే దారిలోనే ఎదురవుతుంది. ఆ దారి బాగుచేసుకున్నాక మిగిలేవి ఎడిటర్ల సొంత లోపాలు. అవీ తక్కువేమీ కావు. అయితే ఏది దేనివల్ల వస్తోందో తెలిస్తే సగం రోజులు మిగులుతాయి.

ఫోన్ ఫైలు ఎందుకు తెరుచుకోదు

ఫోన్లు వీడియోను హెచ్.264 లేదా హెచ్.265 కోడెక్‌లో (కుదించి దాచే పద్ధతిలో), శబ్దాన్ని ఏఏసీలో దాస్తాయి. ఇవి పేటెంట్లున్న పద్ధతులు, వాడకానికి లైసెన్సు రుసుములుంటాయి. విండోస్, మ్యాక్‌లలో వీటిని విప్పే డీకోడర్లను చాలావరకు ఆపరేటింగ్ సిస్టమే అందిస్తుంది. లినక్స్‌లో అలా రుసుము కట్టి అందించే యజమాని ఎవరూ లేరు. వీఎల్‌సీ తన డీకోడర్లను, వీడియో, శబ్దాలను విప్పి మార్చే ఉచిత సాధనం ఎఫ్ఎఫ్ఎంపెగ్ నుంచి తనతోపాటే తెచ్చుకుంటుంది కాబట్టి ఆడిస్తుంది. కేడెన్‌లైవ్, షాట్‌కట్, ఓపెన్‌షాట్ అనే ఎడిటర్లు కూడా ఎఫ్ఎఫ్ఎంపెగ్ మీదే నిలబడ్డాయి కాబట్టి వాటికీ ఈ బాధ లేదు. రిజాల్వ్ ఒక కంపెనీ సరుకు. దాని లినక్స్ ఉచిత వెర్షన్‌లో హెచ్.264, హెచ్.265 రెండూ ఉండవు, చదవడానికీ ఉండవు, రాయడానికీ ఉండవు. 295 డాలర్ల స్టూడియో వెర్షన్ కొంటే ఆ వీడియో కోడెక్‌లు వస్తాయి. ఏఏసీ శబ్దం మాత్రం స్టూడియో కొన్నవాళ్లనూ ఏళ్ల తరబడి ఇబ్బంది పెట్టింది. అందుకే డబ్బు కట్టేముందు రిజాల్వ్ తయారీదారు బ్లాక్‌మ్యాజిక్ ప్రచురించే కోడెక్ జాబితాలో లినక్స్ వరుసను, అదీ కొనబోయే వెర్షన్‌కు సంబంధించినదాన్ని, ఫైలు రకం వారీగా చూసుకోవడం అవసరం.

దీని వెనుక చరిత్ర ఉంది. సినిమా, విజువల్ ఎఫెక్ట్స్ స్టూడియోల్లో లినక్స్ చాలా కాలంగా ప్రధాన వేదిక. ఫ్లేమ్, న్యూక్, మాయా లాంటి సాఫ్ట్‌వేర్లు అక్కడ రోజూ నడుస్తాయి. రిజాల్వ్ లినక్స్ వెర్షన్ కూడా ఆ గదుల కోసం తయారైనదే. అధికారికంగా అది మద్దతిచ్చేది రాకీ లినక్స్ 8.6కి, అడిగేది 32 జీబీ ర్యామ్, కనీసం 4 జీబీ మెమొరీ ఉన్న విడి గ్రాఫిక్స్ కార్డు. అక్కడికి వచ్చే ఫుటేజ్ ప్రోరెస్, డీఎన్ఎక్స్‌హెచ్ఆర్, ఈఎక్స్‌ఆర్ వంటి స్టూడియో ఫైలు రూపాల్లో ఉంటుంది. ఫోన్ ఎంపీ4 అక్కడ అరుదైన అతిథి. ఇంట్లో ఉబుంటు మీద అదే సాఫ్ట్‌వేర్ నడుపుతున్నామంటే, ఆ స్టూడియోల పద్ధతిని కూడా కొంత తెచ్చుకోక తప్పదు.

ఆ పద్ధతి పేరు ట్రాన్స్‌కోడింగ్. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో ఫోన్ ఫైలును ముందే డీఎన్ఎక్స్‌హెచ్ఆర్‌లోకి మార్చి, ఆ తర్వాతే ఎడిటర్‌లోకి తీసుకోవాలి. వీడియో ఎన్‌కోడర్‌గా డీఎన్ఎక్స్‌హెచ్‌డీని ఎంచుకోవాలి, ప్రొఫైల్‌గా (నాణ్యత స్థాయిగా) డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ ఎస్‌క్యూ గానీ హెచ్‌క్యూ గానీ ఇవ్వాలి, పిక్సెల్ ఫార్మాట్ (రంగుల వివరం ఎంత దాచాలన్నది) 8 బిట్ల 4:2:2, శబ్దం కుదించని 16 బిట్ల పీసీఎం, ఫైలు రకం ఎంఓవీ. కొత్తవాళ్లు తడబడేది రెండుచోట్ల. ప్రొఫైల్ ఇవ్వడం మరచిపోతే ఎన్‌కోడర్ పాత డీఎన్ఎక్స్‌హెచ్‌డీ నియమాలకు పోతుంది. అందులో కొన్ని నిర్ణీత సైజులు, బిట్‌రేట్లే చెల్లుతాయి కాబట్టి, వీడియో కొలతలు కుదరడం లేదంటూ చెల్లే ప్రొఫైళ్ల చాంతాడు తెర నిండా కుమ్మరించి ఆగిపోతుంది. రెండోది, మూల ఫైలు 10 బిట్లదైతే ఎస్‌క్యూ, హెచ్‌క్యూ ప్రొఫైళ్లు దాన్ని తీసుకోవు. 8 బిట్లకు దించమని పిక్సెల్ ఫార్మాట్‌లో స్పష్టంగా చెప్పాలి, లేదంటే హెచ్‌క్యూఎక్స్ ప్రొఫైల్ ఎంచుకుని 10 బిట్ల 4:2:2 ఇవ్వాలి.

డిస్కు లెక్క ముందే వేసుకోవాలి. 1080 సైజు, సెకనుకు 30 ఫ్రేముల వీడియో ఫోన్‌లో సుమారు 17 మెగాబిట్ల వేగంతో రికార్డయితే 2 గంటలకు 15 జీబీ పడుతుంది. అదే హెచ్‌క్యూలో సుమారు 220 మెగాబిట్లు, అంటే నిమిషానికి 1.65 జీబీ, 2 గంటలకు దాదాపు 200 జీబీ. ఎస్‌క్యూలో 145 మెగాబిట్ల చొప్పున 130 జీబీ. అన్నిటికన్నా తక్కువ నాణ్యత గల ఎల్‌బీ ప్రొఫైల్‌లో 45 మెగాబిట్ల చొప్పున 40 జీబీ. 4కేకు వెళ్తే ఈ మూడు ప్రొఫైళ్ల లెక్కలూ నాలుగింతలవుతాయి. ఫోన్ ఫుటేజ్‌కి హెచ్‌క్యూ దాదాపు ఎప్పుడూ దండగే, ఎస్‌క్యూ చాలు. మూలంలో లేని నాణ్యతను ట్రాన్స్‌కోడింగ్ పుట్టించదు, ఉన్నదాన్ని చెడగొట్టకుండా చూస్తుందంతే. మూల ఫైళ్లను మాత్రం పారేయకూడదు.

ఇంత డిస్కు ఖర్చుకు ప్రతిఫలం కూడా ఉంది. హెచ్.264 వీడియోలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండదు. ఫోన్లు సాధారణంగా సెకనుకు ఒకటి చొప్పున పూర్తి ఫ్రేము పెట్టి, మిగతా వాటిలో తేడాలే దాస్తాయి. టైమ్‌లైన్‌లో ఎక్కడో మధ్యలో క్లిక్ చేస్తే ఎడిటర్ వెనక్కి వెళ్లి పూర్తి ఫ్రేము నుంచి అక్కడిదాకా విప్పుకుంటూ రావాలి. వెనక్కి లాగుతున్నప్పుడు ప్లేహెడ్ గింజుకునేది అందుకే. డీఎన్ఎక్స్‌హెచ్ఆర్‌లో ప్రతి ఫ్రేమూ స్వతంత్రం. పాత 4 కోర్ల ల్యాప్‌టాప్ కూడా దీనితో ఒక్కసారిగా తేలికపడుతుంది.

రిజాల్వ్ ఉచిత వెర్షన్ నుంచి బయటికి వచ్చేటప్పుడూ ఇదే దారి తిరగాలి. డీఎన్ఎక్స్‌హెచ్ఆర్‌లో రెండర్ చేసి, దాన్ని ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో హెచ్.264కి మార్చాలి. నాణ్యతను నిర్ణయించే సీఆర్‌ఎఫ్ విలువ 18 నుంచి 20 మధ్య, శబ్దం ఏఏసీ 192 కిలోబిట్లు ఉంటే యూట్యూబ్‌కి సరిపోతుంది.

జారిపోయే శబ్దం

మొదటి నిమిషంలో పెదవులూ మాటా కలిసే ఉంటాయి, పదో నిమిషానికి మాట వెనకబడుతుంది. దీనికి కారణం దాదాపు ప్రతిసారీ మారే ఫ్రేమ్ రేటే. ఫోన్ 30 అని చెబుతుంది గానీ, వెలుతురు తగ్గినప్పుడు ఒక్కో ఫ్రేముకు ఎక్కువ కాంతి పట్టడానికి వేగం తగ్గించేస్తుంది. ఎడిటర్ మాత్రం ఫ్రేములన్నీ సమాన దూరంలో ఉన్నాయనుకుని లెక్కపెడుతుంది. గ్నోమ్ డెస్క్‌టాప్ సొంత స్క్రీన్ రికార్డర్ తయారుచేసే వెబ్ఎం ఫైళ్లదీ ఇదే గుణం. ఫైలు వివరాలు చూపే మీడియాఇన్ఫోలో తెరిస్తే ఫ్రేమ్ రేట్ మోడ్ అన్న వరుసలో వేరియబుల్ అని కనిపిస్తుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో వచ్చే ఎఫ్ఎఫ్‌ప్రోబ్‌లో అయితే ప్రకటించిన రేటు, సగటు రేటు వేర్వేరుగా ఉంటాయి.

టైమ్‌లైన్‌లో శబ్దాన్ని ముక్కలుగా కోసి జరుపుతూ సరిచేయాలని చూడటం వృథా. ముందుగా చెప్పిన ట్రాన్స్‌కోడింగ్‌లోనే ఎఫ్‌పీఎస్ ఫిల్టర్‌కి 30 అని ఇస్తే ఫ్రేములు సమానంగా సర్దుకుంటాయి. కేడెన్‌లైవ్ కొత్త వెర్షన్లు ఇలాంటి క్లిప్‌ను గుర్తుపట్టి, ఎడిటింగ్‌కి అనువుగా మార్చనా అని అడుగుతాయి. ఆ ప్రశ్నకు సరే అనడమే మంచిది.

పెళ్లి వీడియోలు చేసేవాళ్లకు ఇక్కడ ఇంకో ముడి ఉంది. మన దగ్గర కెమెరాలు పాల్ అనే టీవీ పద్ధతి ప్రకారం 25 లేదా 50 ఫ్రేముల్లో ఉంటాయి, అతిథుల ఫోన్లు 30లో తీస్తాయి. 25 ప్రాజెక్టులో 30 క్లిప్ వేస్తే ప్రతి ఆరు ఫ్రేముల్లో ఒకటి రాలిపోతుంది. కెమెరా పక్కకు తిరిగే షాట్లలో ఆ కుదుపు స్పష్టంగా తెలుస్తుంది. కేడెన్‌లైవ్‌లో మొదట వేసిన క్లిప్‌ను బట్టి ప్రాజెక్టు ప్రొఫైల్ మార్చుకోనా అని అడుగుతుంది. అక్కడ ఫోన్ క్లిప్‌తో మొదలుపెట్టి సరే అన్నారంటే, ఆ తర్వాత ప్రధాన కెమెరా ఫుటేజ్ అంతా కుదుపుతుంది. ఎక్కువ ఫుటేజ్ ఏ రేటులో ఉందో దానికే ప్రాజెక్టును కట్టి, మిగతాది మార్చుకోవాలి. ఫోన్‌తో తీయక తప్పనప్పుడు షట్టర్‌ను 50వ వంతు లేదా 100వ వంతు సెకనుకు బిగిస్తే 50 హెర్ట్జ్ కరెంటు మీద వెలిగే దీపాల మినుకు కూడా పడదు.

ఐఫోన్ ఫుటేజ్ వెలిసిపోయినట్టు కనిపించడం వేరే సంగతి. ఐఫోన్ 12 నుంచి హెచ్‌డీఆర్ (వెలుగునీడల విస్తృతి ఎక్కువున్న) రికార్డింగ్ ముందే ఆన్‌లో ఉంటుంది, ఫైలు 10 బిట్ల హెచ్.265గా వస్తుంది. దాన్ని 709 అనే మామూలు వీడియో రంగుల ప్రమాణంలో ఉన్న ప్రాజెక్టులో వేస్తే ఆకాశం, చర్మం పాలిపోతాయి. తీసేముందే కెమెరా సెట్టింగుల్లో హెచ్‌డీఆర్ ఆపేయడం ఉత్తమం. ఇప్పటికే షూట్ చేసిన ఫైళ్లకు ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో జెడ్‌స్కేల్ ఫిల్టర్‌తో కాంతిని లీనియర్‌కు తెచ్చి, టోన్‌మ్యాప్ ఫిల్టర్‌లో హేబుల్ పద్ధతి వాడి, మళ్లీ జెడ్‌స్కేల్‌తో 709కి దించాలి. ఈ మూడు అడుగుల వరుస తప్పితే రంగులు ఇంకా పాడవుతాయి.

రిజాల్వ్ ఎక్కించేటప్పుడు వచ్చే తగాదా

ఉబుంటు 24.04లో ఇన్‌స్టాలర్ తొలి అడుగులోనే కొన్ని ప్యాకేజీలు లేవని ఆగిపోతుంది. వాటిలో కొన్ని నిజానికి ఉన్నాయి, పేరే మారింది. 2038 తర్వాతి తేదీలను 32 బిట్ల యంత్రాల్లోనూ లెక్కించగలిగేలా డెబియన్, ఉబుంటులు సమయపు కొలతను 64 బిట్లకు మార్చినప్పుడు చాలా లైబ్రరీ ప్యాకేజీల పేర్ల చివర టీ64 చేరింది. ఇన్‌స్టాలర్ పాత పేరు కోసం వెతికి దొరకలేదంటుంది. ఏపీఆర్, ఏపీఆర్‌యుటిల్, ఆల్సా, జీలిబ్ లైబ్రరీలను కొత్త పేర్లతో ఎక్కించి, ప్యాకేజీ తనిఖీని దాటవేసే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు 1 విలువ ఇచ్చి ఇన్‌స్టాలర్ నడపాలి.

ఎక్కింది గానీ తెరుచుకోదు. ఐకాన్ నొక్కితే ఏమీ జరగదు, టెర్మినల్ నుంచి నడిపితే పాంగో లైబ్రరీకి ఏదో సింబల్ దొరకలేదన్న వాక్యం కనిపిస్తుంది. రిజాల్వ్ తనతో పాత జీలిబ్‌ను తెచ్చుకుంటుంది, సిస్టమ్‌లోని పాంగో కొత్త జీలిబ్‌ను కోరుతుంది. ఆప్ట్ కింద రిజాల్వ్ ఫోల్డర్‌లోని లిబ్స్ ఫోల్డర్‌లో జీలిబ్, జీఐఓ, జీమాడ్యూల్ పేర్లతో మొదలయ్యే ఫైళ్లను పక్కన ఇంకో ఫోల్డర్‌లోకి జరిపితే సిస్టమ్ లైబ్రరీలే వాడుకుంటుంది, తెరుచుకుంటుంది. తీసిపారేయొద్దు, జరిపి పెట్టండి. రిజాల్వ్ కొత్త వెర్షన్ ఎక్కించినప్పుడల్లా ఈ పని మళ్లీ చేయాల్సి రావచ్చు.

గ్రాఫిక్స్ సంగతికొస్తే ఎన్‌విడియా కార్డుకు కంపెనీ సొంత డ్రైవర్ ఉండాలి, ఉచిత నూవో డ్రైవర్‌తో పని జరగదు. ఏఎండీ కార్డుకు ఆర్ఓసీఎం ఓపెన్‌సీఎల్ ఎక్కించాలి. ఇంటెల్ ప్రాసెసర్‌లో కలిసి వచ్చే గ్రాఫిక్స్‌తో లినక్స్ రిజాల్వ్ మీద ఆశ పెట్టుకోకపోవడమే మేలు. బొమ్మ వచ్చి శబ్దం మాత్రం రాకపోతే, అదీ పీసీఎం ఫైలులో కూడా రాకపోతే, సిస్టమ్ శబ్దాన్ని నడిపే పైప్‌వైర్‌కు, పాత శబ్ద వ్యవస్థ అయిన ఆల్సాను కలిపే జోడింపు ప్యాకేజీ ఉందో లేదో చూడాలి. రిజాల్వ్ ఆల్సాతోనే మాట్లాడుతుంది.

ఇంకో డిస్ట్రో ఫెడోరా వాడేవాళ్లకు అదనపు మెట్టు ఒకటుంది. 2022లో, ఫెడోరా 37 సమయంలో, పేటెంట్ల కారణంగా మేసా అనే ఉచిత గ్రాఫిక్స్ డ్రైవర్లలోంచి హెచ్.264, హెచ్.265 హార్డ్‌వేర్ డీకోడింగ్‌ను తీసేశారు. అక్కడ దొరికే ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఫ్రీ కూడా కోత పడ్డదే. ఆర్పీఎం ఫ్యూజన్ అనే బయటి ప్యాకేజీల నిల్వను జతచేసి, పూర్తి ఎఫ్ఎఫ్ఎంపెగ్‌నూ ఫ్రీవరల్డ్ మేసా ప్యాకేజీలనూ పాతవాటి స్థానంలో మార్చుకోవాలి. అదనంగా పెట్టడం కుదరదు, మార్పిడే చేయాలి. ఓపెన్‌సూసేలో ఇదే అవసరాన్ని ప్యాక్‌మ్యాన్ అనే నిల్వ తీరుస్తుంది.

కేడెన్‌లైవ్: సొంత లోపాలు, సొంత బలాలు

ఫైళ్ల తగాదా లేనిది కేడెన్‌లైవ్. 2002లో జేసన్ వుడ్ మొదలుపెట్టిన ఈ ఎడిటర్ నేడు కేడీఈ సమాజం చేతిలో ఉంది. దీని ఇంజిన్ ఎంఎల్‌టీ. ఆ ఎంఎల్‌టీ కర్తల్లో ఒకరైన డాన్ డెన్నెడీ చేతిలోనే షాట్‌కట్ కూడా తయారవుతోంది, ఫ్లోబ్లేడ్ కూడా అదే ఇంజిన్ మీద నడుస్తుంది. అందుకే వీటిలో ఒకదాంట్లో ఎఫెక్టు నెమ్మదిగా ఉందని ఇంకొకదానికి మారితే పెద్ద తేడా కనిపించదు.

ఆ నెమ్మదికి కారణం ఎంఎల్‌టీలో ఎఫెక్టులు చాలావరకు ప్రాసెసర్ మీదే నడవడం. గ్రాఫిక్స్ కార్డు కోసం మూవిట్ అనే జోడింపు ఉన్నా అది ప్రయోగ దశను దాటి స్థిరపడలేదు. రెండర్‌లో ఎన్‌విడియా కార్డులోని ఎన్‌వీఈఎన్‌సీ ఎన్‌కోడర్ ఎంచుకున్నా వేగం పెరగలేదన్న ఫిర్యాదు ఇక్కడి నుంచే వస్తుంది. ఎన్‌వీఈఎన్‌సీ చేసేది చివరి ఎన్‌కోడింగ్ మాత్రమే. స్థిరీకరణ, నాయిస్ తగ్గింపు, మూడు పొరల కలయిక ఉన్న చోట ప్రాసెసర్ ఒక్కో ఫ్రేమును తయారుచేసి ఇచ్చేదాకా ఎన్‌కోడర్ ఖాళీగా ఎదురుచూస్తుంది. ఇంకో లోతైన పరిమితి రంగుల్లో ఉంది. ఎఫెక్టుల్లో ఎక్కువ భాగం 8 బిట్లలోనే పనిచేస్తాయి కాబట్టి 10 బిట్ల ఫుటేజ్‌ను గట్టిగా గ్రేడ్ చేస్తే ఆకాశంలో పట్టీలు కనిపిస్తాయి. రంగులే ప్రధానమైన పనికి రిజాల్వ్ ఎందుకు తప్పదో ఈ ఒక్క విషయం చెబుతుంది. వార్తా వీడియోలు, పాఠాలు, ఇంటర్వ్యూలు, పెళ్లి సంక్షిప్తాల వంటి వాటికి కేడెన్‌లైవ్ ధారాళంగా సరిపోతుంది.

ప్లేబ్యాక్ తడబడితే ముందు ప్రాజెక్టు సెట్టింగుల్లో ప్రాక్సీ క్లిప్పులు (తేలికైన చిన్న సైజు నకళ్లు) ఆన్ చేయాలి. ఎఫెక్టులు ఎక్కువైన భాగాన్ని గుర్తించి షిఫ్ట్, ఎంటర్ కలిపి నొక్కితే ఆ భాగం ముందే రెండరై నిలకడగా ఆడుతుంది. చివరి రెండర్‌లో ప్రాక్సీ క్లిప్పులతో రెండర్ చేయమన్న గుర్తు పొరపాటున పడిందేమో చూడాలి, పడితే ఫలితం మసకగా వస్తుంది. రెండర్‌లో అక్కడక్కడా ఫ్రేములు చెదిరితే సమాంతర ప్రాసెసింగ్‌ను ఆపి మళ్లీ ప్రయత్నించాలి.

ఎడిటర్ ఉన్నట్టుండి మూసుకుపోతోందన్న ఫిర్యాదుల్లో చాలావాటికి పాత వెర్షన్ మూలం. ఉబుంటు 22.04లో దొరికేది 21.12, డెబియన్ 12లో 22.12, ఉబుంటు 24.04లో 23.08. ఒక టైమ్‌లైన్‌లో ఇంకో టైమ్‌లైన్ ఇమిడ్చే వీలు 23.04లో వచ్చింది కాబట్టి మొదటి రెండింటిలో అదసలు లేదు. ప్రాజెక్టు సైట్ ఇచ్చే యాప్‌ఇమేజ్ (ఎక్కించకుండానే నడిచే ఒకే ఫైలు) తీసుకోవడం అన్నిటికన్నా శుభ్రం. రెండు వెర్షన్లను పక్కపక్కనే ఉంచుకోవచ్చు. అది తెరుచుకోకపోతే ఫ్యూజ్ 2 లైబ్రరీ లేదని అర్థం. ఉబుంటు 22.04 నుంచి అది ముందే ఎక్కి రావడం లేదు, విడిగా పెట్టుకోవాలి. నడుస్తున్న ప్రాజెక్టు మధ్యలో మాత్రం వెర్షన్ మార్చకూడదు. కొత్తదాంట్లో దాచిన ఫైలు పాతదాంట్లో సరిగా తెరుచుకుంటుందన్న భరోసా లేదు.

ఏదైనా పోయిందనుకున్నప్పుడు హోమ్ ఫోల్డర్‌లోని దాపుడు ఫోల్డర్ లోకల్ కింద షేర్, అందులో కేడెన్‌లైవ్, దాని లోపల బ్యాకప్ అనే మరో దాపుడు ఫోల్డర్ చూడాలి. తేదీలవారీగా ప్రాజెక్టు నకళ్లు అక్కడ ఉంటాయి. ప్రాజెక్టు ఫైలు మామూలు ఎక్స్ఎంఎల్ పాఠం కావడం గొప్ప సౌలభ్యం. ఫుటేజ్ ఇంకో డిస్కుకు మారి వందల క్లిప్పులు దొరకకపోతే, టెక్స్ట్ ఎడిటర్‌లో పాత దారిని కొత్త దారితో ఒకేసారి మార్చేయవచ్చు. ముందుగా నకలు తీసుకునే చేయాలి.

మిగతావాటి గురించి క్లుప్తంగా. షాట్‌కట్ చిన్న పనులకు నమ్మకస్తుడు. లైట్‌వర్క్స్ ఉచిత వెర్షన్ 720 సైజు దాటి ఎగుమతి చేయదు. ఆలివ్ 2019లో గొప్ప ఆశ రేపింది, ఇంజిన్‌ను మొదటినుంచీ తిరగరాసే ప్రయత్నంలో ఆగిపోయింది. దాని మీద కొత్త పని మొదలుపెట్టడం తెలివైన పని కాదు. కోతలు మాత్రమే కావాలంటే లాస్‌లెస్‌కట్ చాలు, కాకపోతే కోత పూర్తి ఫ్రేము ఉన్న చోటికే జరుగుతుంది.

తెర మీద తెలుగు

ఒత్తులు, గుణింతాలు సరిగా కూర్చాలంటే సాఫ్ట్‌వేర్ లోపల హార్ఫ్‌బజ్ లాంటి అక్షరకూర్పు ఇంజిన్ ఉండాలి. కేడెన్‌లైవ్ టైటిల్ సాధనం అలాంటి ఇంజిన్ ఉన్న క్యూటీ లైబ్రరీ మీద ఉంది కాబట్టి మండలి, రామభద్ర, ఎన్టీఆర్, పొన్నాల లాంటి యూనికోడ్ ఫాంట్లతో తెలుగు శుభ్రంగా వస్తుంది. టైప్‌రైటర్ ఎఫెక్టు వాడేటప్పుడు అక్షరాలవారీ కాక మాటలవారీ ఎంచుకోవాలి. లేకపోతే ముందు అక్షరం, ఆ తర్వాత దాని గుడి విడివిడిగా ప్రత్యక్షమవుతాయి. బ్లెండర్ వీడియో ఎడిటర్ 4తో మొదలయ్యే వెర్షన్లలో తెలుగు ఒత్తులను కూర్చలేదు. రిజాల్వ్‌లో వాడే వెర్షన్ ఏదైనా స్త్రీ, లక్ష్మి, జ్ఞానం, రాష్ట్రం అనే నాలుగు మాటలు కొట్టి చూసి అప్పుడే పని మొదలుపెట్టాలి.

ఎఫ్ఎఫ్ఎంపెగ్ డ్రాటెక్స్ట్ ఫిల్టర్‌తో పేరు వేస్తే ఒత్తులు పక్కకు జారిపోవడం పాత వెర్షన్ల లక్షణం. హార్ఫ్‌బజ్ అందులోకి 6.1 వెర్షన్‌తో వచ్చింది. ఉబుంటు 22.04లో 4.4, డెబియన్ 12లో 5.1 ఉన్నాయి కాబట్టి వాటిలో డ్రాటెక్స్ట్ జోలికి పోకుండా, అదే మాటను ఎస్ఆర్‌టీ సబ్‌టైటిల్ ఫైలులో రాసి సబ్‌టైటిల్స్ ఫిల్టర్‌తో వేయాలి. ఆ ఫిల్టర్ వాడే లిబ్‌యాస్‌కు అక్షరకూర్పు ఎప్పటినుంచో వచ్చు. ఫాంటు పేరు కూడా ఫిల్టర్‌లోనే ఇవ్వవచ్చు.

తెలుగు స్టూడియోల్లో ఏళ్లుగా పాతుకుపోయిన అను ఫాంట్లది వేరే సమస్య. అవి యూనికోడ్‌కు ముందు కాలానివి. ఇంగ్లిష్ అక్షరాల సంకేతాల మీద తెలుగు ముక్కలను అతికించిన ఏర్పాటు అది. వాటిని టైపు చేయించే కీబోర్డు మేనేజర్ విండోస్‌దే. పాత టైటిళ్ల పాఠం లినక్స్‌లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల గుంపుగా కనిపిస్తుంది. దాన్ని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులూ పొల్లులూ ఒకసారి కంటితో సరిచూసి వాడుకోవాలి. ఫలానా అను అక్షర రూపమే కావాలని ఖాతాదారు పట్టుబడితే, విండోస్ యంత్రంలో ఆ టైటిల్‌ను పారదర్శక నేపథ్యంతో పీఎన్‌జీగా తీసుకుని లినక్స్ టైమ్‌లైన్‌లో పై ట్రాకులో పెట్టడమే దారి. ప్రాజెక్టు 1080 అయితే పీఎన్‌జీ కూడా 1920, 1080 కొలతల్లోనే తీయాలి. చిన్నగా తీసి ఎడిటర్‌లో పెంచితే అక్షరాల అంచులు పాకుతాయి.